సంస్కృతానికి బదులు బెల్లం

నేను సంస్కృతం మాస్టారుగా ఉద్యోగంలో చేరిన రెండో ఏడాదే ప్రభుత్వంవారు సంస్కృతం అక్కర్లేదన్నారు. అందరికీ కాదు లెండి, కొందరికి. అది ఒంటబట్టనివాళ్ళు దాని బదులు బెల్లం వండుకోవచ్చన్నారు. పిల్లలు బెల్లం వైపు నడిచారు. వాళ్ళ వయసులో నేనుంటే పరుగెత్తేవాణ్ణి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర మాస్టార్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, పనిలోంచే చదువు రావాలండీ అని, ఇప్పుడే కోడి పెట్టిన గుడ్డు చూపించినట్టు చెబుతుంటారు. నాయనా, ఆ గుడ్డు మేం ఎప్పుడో పొదిగాం. చేతులు కాల్చుకున్నాం, కాలిన చేతులు నాకి చూసుకున్నాం, తియ్యగానే ఉన్నాయి. ఆ సంగతే రాస్తున్నాను. ఇందులో ఎవరూ చనిపోరని ముందే చెప్పేస్తున్నాను, కంగారు పడకుండా చదువుకోండి.

స్వతంత్రం వచ్చి పదేళ్ళు దాటిన రోజులవి. రాయగడ, గుణుపూరు అన్నీ అప్పుడు కొరాపుట్ జిల్లాలోనే ఉండేవి. జిల్లా ఎంత పెద్దదంటే, మేం కొరాపుట్‌కు రాసిన అర్జీకి జవాబు వచ్చేలోగా అర్జీ పెట్టినవాడు బదిలీ అయిపోయేవాడు, జవాబు రాసినవాడు రిటైరయ్యేవాడు. మా బడి గుణుపూరుకు ఎడ్లబండి దూరంలో ఉండేది. ఒరియా సెక్షను ఒకటి, తెలుగు సెక్షను ఒకటి. తాతలనాడు శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి అక్కడ వరీ చెరుకూ వేసుకున్న రైతుల పిల్లలే తెలుగు సెక్షనులో ఎక్కువ. నాకు ఆ మట్టితో సంబంధం లేదు. మా తాతలు సంస్థానం కచేరీలో కలాలు పట్టినవాళ్ళు. మా ఇంట్లో బరువైన పనిముట్టు అంటే సిరాబుడ్డి.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఇదీ. సంస్కృతంలోనూ ఆల్జీబ్రాలోనూ రెండేసిసార్లు తప్పిన ఎనిమిదో తరగతి పిల్లలు ఆ రెంటికీ బదులు, ఆ ఊళ్ళో నడిచే పని ఏదైనా ఒకటి ఏడాదిపాటు బడిలోనే నేర్చుకోవచ్చు. ఏడాది చివర కొరాపుట్ నుంచి అధికారి వచ్చి, తయారైన వస్తువు చూసి మార్కు వేస్తాడు. పాసైతే ఎనిమిది పాసైనట్టే. తప్పితే మూడోసారి తప్పినట్టు లెక్క, బడిలో పేరు కొట్టేస్తారు.

ఉత్తర్వు చదివి వినిపించింది మా హెడ్మాస్టరు. ఒరియా ఆయన. తెలుగు ఆయన నోట్లో కాస్త గుండ్రంగా దొర్లేది. కొత్త పని ఏది వచ్చినా చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకునేవారు.

"మీ ఇద్దరి పిల్లలు పోయారు కదా," అన్నారు నన్నూ ఆల్జీబ్రా మాస్టార్నీ చూసి. "ఇప్పుడు మీకు పని లేదు. పని లేనివాళ్ళే పని నేర్పాలి. హఉ?"

హఉ అంటే ఒరియాలో సరేనా అని. ఆయన అడిగితే మాత్రం సరే అనే అర్థం. అలా నా సబ్జెక్టుకు బదులుగా వచ్చిన సబ్జెక్టుకు నేనే మాస్టార్నయ్యాను. సొంత శ్రాద్ధానికి తనే భోక్తగా కూర్చోవడం అంటే ఏమిటో మీకెప్పుడూ అనుభవంలోకి రాకుండుగాక.

ఆల్జీబ్రా మాస్టారు విజయనగరం మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. పప్పులో ఉప్పు తగ్గినా ధర్మానికి గ్లాని కలిగిందనే రకం. బయటికి రాగానే గోడ పట్టుకుని నిలబడిపోయారు.

"ఏమయ్యా, ఇది విద్యకు చితి పేర్చడం కాదూ?"

"చితి కాదండీ, పొయ్యి. దానిమీద పెనం కూడా పెడతారట."

"నీకు హాస్యంగా ఉంది. పాతికేళ్ళుగా ఎక్స్ విలువ కనుక్కోమని పిల్లలకి చెబుతున్నాను."

"పాతికేళ్ళలో దొరకలేదంటే ఇక దొరకదండీ. బెల్లం చూద్దాం."

క్లాసులో చేరింది ఆరుగురు. అయిదుగురు మగపిల్లలు. వాళ్ళ సంగతి నాకంత బెంగ లేదు. తప్పితే ఒకడికి కొట్టు ఉంది, ఒకడికి పొలం ఉంది, ఒకడికి వాళ్ళ మామ ఉన్నాడు. ఆరోది ఆడపిల్ల. ఆ అమ్మిని వాళ్ళ అయ్య వెంటబెట్టుకు వచ్చాడు. చెరుకు రైతు. తలపాగా తీసి చేత పట్టుకున్నాడు గానీ మాటలో మాత్రం తలపాగా దించలేదు.

"బెల్లం వండ్డానికి బడేటండి బావూ? మా గానుగ కాడ పొయ్యి నేదా? ఈ అమ్మిని బడికి తోలిందే ఆ పొగ తప్పుద్దని గదా."

"ఈ పొగకు సర్టిఫికెట్టు వస్తుంది," అన్నాను.

"సర్టిఫికెట్టొత్తే పొగ సల్లబడతాదేటి?"

ఆ పిల్లే అందుకుంది.

"అయ్యకి ఇష్టం నేదు మాస్టారూ. నాకూ ఇష్టం నేదు. అయినా ఆ ఎక్స్ ఎవుడో, ఎక్కడుంటాడో నాకు తెల్దు. పొయ్యిలో మంట ఎక్కడ సాలదో తెలుసు. నన్నిక్కడ రాసీయండి."

ఆ పిల్లకు కావలసింది ఎనిమిదో తరగతి పాసు. పాసైతే నర్సు ట్రెయినింగుకి తీసుకుంటారు. నర్సే ఎందుకని ఒకసారి అడిగాను. సేవాభావం గురించి రెండు మంచి ముక్కలు వింటాననుకున్నాను. "మా ఊళ్ళో కలరా తగిలినప్పుడు ఒక నర్సమ్మ వచ్చింది మాస్టారూ. మునసబుని నోర్మూసుకుని పక్కన నిలబడమంది. ఆడు నోర్మూసుకుని పక్కన నిలబడ్డాడు. నాకా పని కావాల," అంది.

వాళ్ళ అయ్య తెగేసి చెప్పాడు. "ఇదే ఆఖరు. పాసయితే నర్సు పనికి నానే బండి కట్టి తోల్తాను. తప్పితే మాటాడకుండా గానుగ కాడికొచ్చీ." ఆ పిల్ల తల ఊపింది. నేనూ ఊపాను. పక్కన ఆల్జీబ్రా మాస్టారు ఇదొక కురుక్షేత్రం అని గొణిగారు. కురుక్షేత్రానికి పద్దెనిమిది రోజులే పట్టింది. మాకు ఏడాది ఉంది.

బడి వెనక పొయ్యి తవ్వించాం. గానుగ, ఎడ్లు, పెనం అద్దెకు తెచ్చాం. చెరుకు గానుగలో ఆడించి రసం తీయాలి. రసం పెనంలో పోసి, పిప్పితో మంట పెట్టి కాచాలి. సున్నపు తేట, బెండ కాడల జిగురు పోస్తే మడ్డి పైకి తేలుతుంది, దాన్ని తీసేస్తూ ఉండాలి. చివరికి పాకం వస్తుంది. వచ్చిన క్షణానే పెనం చెవుల్లోకి వాసాలు దూర్చి నలుగురు ఎత్తి దించాలి. తరవాత చెక్కతొట్టెలో పోసి తెడ్లతో తిప్పితే బెల్లం. ఇంతే పని. అయితే ఆ "వచ్చిన క్షణం" ఏదో చెప్పడమే విద్య. ఆ పిల్ల ఇంట్లో ఆడవాళ్ళు మంట ఎగేసేవారు, మడ్డి తీసేవారు. దించండి అనే మాట మాత్రం మగవాళ్ళదే. అందుకని మంట సంగతి ఆ పిల్లకు పుట్టుకతో తెలుసు, పాకం సంగతి నాకు తెలిసినంతే తెలుసు. అంటే ఏమీ తెలియదు.

మొదటి పెనానికి పెద్దరికం నేను వహించాను. చేతిలో ఒరియాలో అచ్చువేసిన చిన్న పుస్తకం ఉంది. పాకం లక్షణాలు చదివి, అనువదించి, వివరించి, ఇప్పుడు దించండి అనేసరికి పెనంలో తారు తయారైంది. రాయగడ రోడ్డుకు పనికొస్తుందేమో కనుక్కోమన్నాను. రెండో పెనానికి ఆ పిల్ల భయపడి తొందరగా దించేసింది. అది గడ్డకట్టలేదు. వారం రోజులు చూశాం, కట్టలేదు. తొట్టెలోంచి చెంబులతో ముంచుకుని రొట్టెల్లోకి నంజుకున్నాం. ఆ పారే బెల్లం ఆ పిల్ల మనసులో బాగా నాటుకుపోయింది. అది మొదలు, ఒక చుక్క పాకం చల్లనీళ్ళలో వేసి, ఉండ కట్టి, ఆ ఉండను చెంబుకేసి కొట్టినప్పుడు గట్టిగా మోగితే తప్ప దించనిచ్చేది కాదు.

సంక్రాంతి దాటేసరికి మాది బెల్లంలాగే ఉంటోందని ఊరు ఒప్పుకుంది. నాకైతే బడికి వెళ్ళడమంటే పండగకు వెళ్ళినట్టుండేది. పొద్దున్నే పచ్చి రసం వాసన, ఎడ్ల గంటలు, పిప్పి చిటపటలు. హెడ్మాస్టరుకు ఉత్సాహం ఎక్కువై బెల్లం మీద వ్యాసం, బెల్లం మీద భూగోళం కూడా పెట్టించారు. ఆల్జీబ్రా మాస్టారు మొదట్లో గొడుగు వేసుకుని దూరంగా నిలబడి విద్య తగలబడటం చూసేవారు. తరవాత కాస్త దగ్గరగా నిలబడి చూశారు. తరవాత, ఇంత రసానికి ఎంత బెల్లమో సమీకరణం వేసి చెబుతానని సుద్దముక్కతో గానుగ దూలం మీదికి ఎక్కబోయారు. పిల్లలు ఎడ్లను అదిలించారు.

నేనూ ఊరుకోలేదు. గానుగ తిరుగుతుంటే ఆ తాళానికి గుడః గుడౌ గుడాః అని బెల్లం శబ్దం చెప్పించాలని చూశాను.

"మాస్టారూ," అంది ఆ పిల్ల చెరుకు అందిస్తూ, "దీన్నుంచి తప్పించుకుందామనే గదేటి ఇక్కడికొచ్చింది?"

ఆరుగురికీ కలిపి పరీక్షకు ఒకటే పెనం, ఒకటే మార్కు. దించండి అనే మాట ఎవరు చెప్పాలో పిల్లల్నే తేల్చుకోమన్నాం. అయిదుగురూ ఆ పిల్ల వైపు చెయ్యి చూపించారు. గౌరవం కొద్దీ అనుకునేరు. మాడితే తిట్లు ఎవరు తినాలో తేలిపోయిందని.

పరీక్ష రోజు మా ఊరి సంతరోజు పడింది. కొండల మీది జనం తెల్లారకముందే దిగి, బడి పక్క దారిలోంచే సంతకు వెళ్తారు. అధికారి పొద్దున్నే వస్తానని కబురు చేశాడు. మేం చీకటితో లేచి పొయ్యి వెలిగించాం. ఆ పెనం సంగతి ఏం చెప్పను. ఏడాదిలో అంత గొప్పగా ఎప్పుడూ కుదరలేదు. ఉండ చెంబుకేసి కొడితే గుడి గంటలా మోగింది. దించండి అంది, దించారు. తొట్టెలో తిప్పుతుంటే పసుపు కొమ్ము రంగు తిరిగింది. హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆల్జీబ్రా మాస్టారు, చరిత్రలో నిలిచే రోజయ్యా అన్నారు. నిలబడింది ఆ బెల్లం కాదని తరవాత తెలిసింది.

అధికారి రాలేదు. ఎండెక్కింది. బెల్లం వాసన దారి మీదికి పాకింది. మొదట ఒక ముసలి కొండాయన కావిడి దించి కంచె దగ్గర ఆగాడు. "గుడొ?" అన్నాడు, బెల్లమా అని. అంతే, ఇంకేమీ అడగలేదు. తొట్టె వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. చిన్న ముక్క విరిచింది.

"అమ్మీ, అది పరీక్ష పత్రం," అన్నారు ఆల్జీబ్రా మాస్టారు. "పరీక్ష పత్రం చింపి పంచుతారా ఎవరైనా?"

"పెనం దించిన కాడికి వచ్చినోడ్ని ఉత్తి సేత్తో పంపకూడదు మాస్టారూ. పంపితే మరి ఆ పొయ్యి మీద పాకం కుదరదు. ఒక్క ముక్కే."

ముసలాయన ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. వెళ్ళి ఎవరితో ఏం చెప్పాడో గానీ, వెనక ఇద్దరు వచ్చారు. వాళ్ళ వెనక వాళ్ళ పిల్లలు. నేను లేచి ఆపి ఉండేవాణ్ణే. సరిగ్గా అప్పుడు ఆ పిల్ల అయ్య పిప్పి తీసుకెళ్దామని బండితో వచ్చాడు. బండిలో సంతలో అమ్మడానికి కోసిన చెరుకు కూడా ఉంది. తొట్టెలో బెల్లం చూశాడు. ఒక పలుకు నోట్లో వేసుకున్నాడు. ఏడాదిగా బెల్లానికి బడేటని దెప్పిన మనిషి తలపాగా గట్టిగా చుట్టుకుని, కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"రండి రండి. మా పెనం. మా అమ్మి దించింది. మా పెనం కాడికొచ్చి ఉత్తి సేత్తో ఎల్లడం మా ఇంటా వంటా నేదు."

మా పెనం అన్నాడండీ. ఆ మాటకు నా గుండె ఉప్పొంగింది. ఉప్పొంగిన గుండెతో నేనూ రెండు ముక్కలు తిన్నాను. సంత సగం మా కంచె దగ్గరే జరిగింది. ఆయన పిలుస్తున్నాడు, పిల్లలు విరుస్తున్నారు, హెడ్మాస్టరు ఒరియాలో ఒక్కొక్కరినీ రుచి ఎలా ఉందని అడిగి మురిసిపోతున్నారు. అధికారికి చూపించడానికి ఒక దిమ్మ పక్కన పెట్టి ఆల్జీబ్రా మాస్టార్ని కాపలా కూర్చోబెట్టాం. ఆ దిమ్మ ఏమైందో నేను చెప్పను. ఆయన మీసాలు మెరుస్తున్నాయని మాత్రం చెబుతాను.

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. దారిలో బండి ఒకటి బోల్తా పడి అడ్డంగా ఉండిపోయిందట. దిగిన అధికారి తెలుగాయనే. ఇస్త్రీ చొక్కా, సన్నటి గొంతు, చంకలో నమూనా కోసం తగరపు డబ్బా.

"బెల్లం ఏదీ?"

తొట్టె చుట్టూ కందిరీగలు మాత్రం మాట్లాడుతున్నాయి.

"తినేశారండి," అన్నాను.

"ఎవరు?"

"సంత."

ఆయన ఒకసారి తొట్టె వైపు, ఒకసారి మా వేళ్ళ వైపు, కాస్త ఎక్కువసేపు ఆల్జీబ్రా మాస్టారి మీసాల వైపు చూశాడు. కోపం తెచ్చుకోలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

"నేను వస్తువు చూసి మార్కు వేయాలి. లేనిదానికి వేయలేను. లేదని రాసుకుని వెళ్ళడం తప్ప దారి లేదు."

అంటే సున్న. అంటే ఆరు పేర్లూ కొట్టేస్తారు. ఆ పిల్ల అయ్యకు అప్పటికి గాని తను పంచిపెట్టింది ఏమిటో తట్టలేదు. చేతిలో ఉన్న ఆఖరి పలుకు ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఏడాది పొడుగునా ఆ పిల్ల నర్సు పని వద్దన్న మనిషి కాడతను. పాసయితే తోల్తానన్న మనిషే. తన చేత్తోనే ఆ పాసును సంతకు పంచేశాడు.

"మళ్ళీ వండుతాం," అంది ఆ పిల్ల. "బండిలో సెరుకుంది. మీరు కూకోండి బావూ."

"చీకటి పడకముందు నేను రాయగడ చేరాలి."

"పొద్దుండగానే దించుతాం."

ఆయన వాచీ చూసుకున్నాడు. సూర్యుణ్ణి చూశాడు. తగరపు డబ్బా కింద పెట్టి కుర్చీ అడిగాడు.

అక్కడి నుంచి సాయంత్రం వరకు జరిగింది గుర్తొస్తే ఇప్పటికీ నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేను. చెరుకు దించారు. పొద్దుటి నుంచి తిరిగిన ఎడ్లు మేం కదలమన్నాయి. ఆల్జీబ్రా మాస్టారు పంచె ఎగగట్టి గానుగ దూలానికి భుజం పెట్టారు. రెండో పక్క హెడ్మాస్టరు. వాళ్ళిద్దరూ గుండ్రంగా తిరుగుతుంటే అసలు ఎడ్లు నెమరేస్తూ చూశాయి. సంత నుంచి తిరిగి వెళ్తున్న జనం సంగతి తెలుసుకుని, తిన్నవాళ్ళు తిన్నట్టే లోపలికి వచ్చారు. ఒకాయన పొయ్యి ముందు కూర్చుని పిప్పి ఎగేశాడు, ఒకామె అమ్ముకోడానికి తెచ్చి మిగిలిన బెండకాయలు పెనం పక్కన పోసింది. మాకు కావలసింది కాడలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పే తీరికా లేదు. నాకు అప్పగించిన పని మడ్డి తీయడం. మీదపడిన మడ్డి చూసి, మాస్టారూ పెనంలోది తియ్యాల, మీ ఒంటిమీదికి కాదు అన్నాడొక శిష్యుడు.

ఎండ వాలింది. రసం చిక్కబడింది, పొంగింది, దిగింది, బుడగలు పెద్దవై పచ్చగా మెరుస్తూ పగలడం మొదలెట్టాయి. నలుగురు పిల్లలు వాసాలు భుజాన పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. చుట్టూ జనం.

ఆ పిల్ల అయ్య పొయ్యికి అటు పక్క నిలబడి ఆ బుడగలే చూస్తున్నాడు. నలభై ఏళ్ళుగా ఆ మాట చెప్పే నోరు. ఎంతసేపు ఆపుకుంటుంది?

"దించండి," అన్నాడు.

పిల్లలు ఎత్తబోయారు.

"దించకండి," అంది ఆ పిల్ల.

పెనం సగం లేచి ఆగింది. వాసాలు కిర్రుమన్నాయి. నా పక్కన ఆల్జీబ్రా మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. అభిమన్యుడయ్యా అన్నారు. అభిమన్యుడికి అర్జునుడు అడ్డం రాలేదండీ అన్నాను.

"ఒలే, వచ్చీసింది. దించమను," అన్నాడు వాళ్ళ అయ్య.

"రానేదు. ఉండ మోగనేదు." చెంబులో నీళ్ళు మార్చి ఇంకో చుక్క వేసింది. ఉండ తీసి కొట్టింది. మెత్తగా తగిలింది. "సూడు."

"ఉండెందుకే, బుడగ సూడు. నాను సెప్తన్నాను గదా."

"పెనం కింద పెట్టండి," అంది పిల్లలతో. వాళ్ళు ఆయన వైపు చూసి, ఆ పిల్ల వైపు చూసి, బరువు భరించలేక పెట్టారు. ఆయన ముఖం కందగడ్డ అయింది. అంత జనంలో కన్నకూతురు తన మాట తోసేయడం ఆ మనిషికి అదే మొదలు. అధికారి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఇంకో చుక్క. ఇంకో చుక్క. ఉండ చెంబుకేసి కొడితే ఠంగుమంది.

"దించండి."

పెనం లేచింది, పక్కకు వచ్చింది, తొట్టెలో పోశారు. తెడ్లు ఆడాయి. అందరం ఒకేసారి ముందుకు వంగాం. మీరు ఆశించేది నాకు తెలుసు. నేనూ అదే ఆశించాను. పసుపు కొమ్ము రంగు రాలేదు. ముదురు రంగు, చింతపండు వైపు ఒక అడుగు వేసిన రంగు వచ్చింది. వాళ్ళ అయ్య చెప్పిందే నిజం. ఎండకు వేడెక్కిన నీళ్ళలో ఉండ ఆలస్యంగా మోగింది, పాకం కాస్త ముదిరింది.

అధికారి లేచి వచ్చాడు. విరిచి చూశాడు, వాసన చూశాడు. తరవాత ఒక ముక్క తీసి ఆ పిల్ల అయ్యకు ఇచ్చాడు.

"ఇక్కడ దీని సంగతి తెలిసింది మీకే. చెప్పండి. ఇది బెల్లమేనా?"

ఆ మనిషి ముక్కను నోట్లో వేసుకుని చప్పరిస్తూ ఉండిపోయాడు. బెల్లం కాదంటే తన మాట నెగ్గుతుంది, కూతురు గానుగ దగ్గరికి వచ్చేస్తుంది. మహా గొప్పగా ఉందంటే ఇన్నేళ్ళ నోటికి అబద్ధం. నేను బతుకులో చాలా పరీక్షలకు కాపలా ఉన్నాను. అంతసేపు జవాబు ఆలోచించిన అభ్యర్థిని చూడలేదు.

"బెల్లమే," అన్నాడు చివరికి. "సంతలో పెడితే అమ్ముడవుద్ది. రంగు పోయింది. నిలవుంటాది. నాను దించితే ఇంకోలాగుండును."

అధికారి జేబులోంచి పెన్ను తీసి మార్కు వేశాడు. పాసుకు ఎంత కావాలో అంతే, దానిమీద ఒక్కటి కూడా కాదు. హెడ్మాస్టరు హఉ హఉ అంటూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. చుట్టూ జనం గోల చేశారు. వాళ్ళకు పాసు తెలియదు గానీ, తొట్టె మళ్ళీ నిండిందని తెలుసు. అధికారి డబ్బా నింపుకుని మూత గట్టిగా బిగించి, దాన్ని ఆల్జీబ్రా మాస్టారికి దూరంగా పట్టుకుని జీపు వైపు నడిచాడు.

నేను వెంట వెళ్ళాను. ఒక్క మాట అడగకుండా ఉండలేకపోయాను. "ఆ అమ్మి వాళ్ళ నాన్న చెప్పినప్పుడు దించి ఉంటే మార్కు ఇంకా బాగా వచ్చేది కదండీ?"

"వచ్చేది," అన్నాడు ఆయన జీపెక్కుతూ. "ఆయనకు వేసేవాణ్ణి."

ఆ పథకం ఇంకో ఏడాది నడిచి, ఎందుకు మొదలైందో తెలియనట్టే ఎందుకు ఆగిందో తెలియకుండా ఆగిపోయింది. నా సంస్కృతం నాకు తిరిగి వచ్చింది. ఇష్టపడి వచ్చినట్టు లేదు, నాకూ ఆ ఏడాది తరవాత దానితో కాపురం కాస్త చప్పగానే ఉండేది. ఆల్జీబ్రా మాస్టారు రిటైరయ్యేదాకా రసం ఇంత అయితే బెల్లం ఎంత అనే లెక్కే ఇచ్చారు. పిల్లలు చేశారు కూడా. ఎక్స్ దొరికింది.

మీలో ఎవరికైనా పిల్లల చేత పని చేయించే క్లాసు అప్పగిస్తే నన్ను సలహా అడక్కండి. పని నేర్పడం నాకు రాదు. పొయ్యి దగ్గర అడ్డం లేకుండా నిలబడటం మాత్రం కాస్త వచ్చు.

ఆ సాయంత్రం మాత్రం, జీపు వెళ్ళాక, తండ్రీ కూతుళ్ళు బండెక్కారు. ఆయన ఎడ్లను అదిలించాడు. ఆ పిల్ల వెనక పిప్పి మీద కూర్చుంది. ఒళ్ళంతా మసి. బండి మలుపు దగ్గరికి వెళ్ళాక ఆయన గొంతు వినిపించింది.

"నాను సెప్పినప్పుడే దించుంటే ఫస్టు మార్కు వచ్చీసును."

"వచ్చీసును," అంది ఆ పిల్ల. "నర్సు పనికి నువ్వే ఎల్దువు."